ఒడ్డువైపు చెవి

"ఈవిడ మా రేవులమ్మ కాదు."

నిన్న సాయంత్రం శంఖులపాలెం రేవులో చేపలమ్ముకునే మరిడమ్మ అన్న ఆ ఒక్క మాటతో ధనశ్రీ కాళ్ళ కింద ఇసక కదిలిపోయింది. ఢిల్లీలో కొత్తగా తెరవబోతున్న జాతీయ జనచరిత్ర మ్యూజియం ఆమెను అనకాపల్లి పంపింది ఒక కొయ్య అమ్మవారి పుట్టుక తేల్చుకురమ్మని. మోచెయ్యంత ఎత్తు, ఎర్ర లక్కపూత, చెంపలదాకా సాగిన కళ్ళు. దాన్ని మ్యూజియానికి కానుకగా ఇచ్చినవాడు అనకాపల్లి వ్యాపారి దేవీప్రసాద్. తాతల కాలం నుంచీ తమ ఇంట్లో పూజలందుకున్న ఇలవేల్పు అన్నాడు. శంఖులపాలెం రేవు మొదట్నించీ తమ కుటుంబానిదేననీ, అందుకే అమ్మవారికి రేవులమ్మ అని పేరొచ్చిందనీ అన్నాడు.

ఆ ముక్క జాతీయ మ్యూజియం గోడ మీదికి ఎక్కిందంటే చాలు. రేవులో సొంత జెట్టీ కట్టుకోవాలని చూస్తున్న దేవీప్రసాద్‌కి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. అక్కడే పుట్టి అక్కడే వలలు అల్లుకుంటున్న జాలరులు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళైపోతారు.

విగ్రహం జాలరులదేనని ధనశ్రీ మనసు చెబుతోంది. కానీ ఆ మాట చెప్పవలసిన జాలరులే ట్యాబ్‌లో ఫోటో చూసి కాదనేశారు. పక్కనే నిలబడ్డ దేవీప్రసాద్ కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ నవ్వాడు.

"రాసుకోండి మేడమ్. వాళ్ళే చెబుతున్నారుగా!"

ధనశ్రీ రాసుకోలేదు. 'మాది కాదు' అన్నప్పుడు మరిడమ్మ గొంతులో అనుమానం లేదు. బజార్లో కుళ్ళిన చేపని పక్కకి నెట్టేసినంత తేలిగ్గా అనేసింది. అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగింది? దేన్ని చూసి చెప్పింది?

తెల్లారగానే ధనశ్రీ చేపల బజారుకి బయలుదేరింది.

*

వేట నిషేధం రోజులు కావడంతో అనకాపల్లి బజార్లో పచ్చిచేప పలచగా, ఎండుచేప దండిగా ఉంది. మరిడమ్మ గోనెపట్టా మీద నెత్తళ్ళు కుప్పపోసుకుని, ఒక చేత్తో ఈగల్ని, ఇంకో చేత్తో బేరాల్నీ తోలుతోంది. ధనశ్రీని చూడగానే నోరంతా తెరిచి నవ్వింది.

"ఇదేటి తల్లీ! మీ మ్యూజియమ్మోళ్ళు నెత్తళ్ళని కూడా అద్దాల పెట్టెలో పెడతారేటి?"

"పెట్టం పిన్నీ, వండుకు తింటాం. మాది రోలుగుంట. చెరుకు తోటలో పుట్టినా నెత్తళ్ళ పులుసు తాగే పెరిగేను."

"అలగైతే కొను. కొన్నోళ్ళతోటే నాను మాటాడతాను."

ధనశ్రీ కొంది. పొట్లం కడుతున్న మరిడమ్మ ముందు గొంతుక్కూర్చుని అడిగింది.

"పిన్నీ, నిన్న ఆ ఫోటో ఇలా చూసి అలా కాదనేసేవు. ఏం చూసి చెప్పేవు?"

"ఏటుంది సూడ్డానికి? ఆవిడికి రెండు సెవులూ ఉన్నాయి కాదేటి!"

"ఉంటే?"

మరిడమ్మ పొట్లం పక్కనపెట్టి, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వు ఊరెల్తన్నావనుకో. ఎనక నించి నీ గుంటడు అమ్మా అని ఏడిసేడు. ఏటి సేత్తావు?"

"వెనక్కి తిరుగుతాను."

"అదీ! మా అమ్మ ఎనక్కి తిరక్కూడదు. ఏడాది పొడుగూతా మా ఊరి మీదకొచ్చిన రోగం, రొష్టు అంతా మూట కట్టుకుని సంద్రంలోకి ఎల్లిపోద్ది. నిషేదం ఎత్తేసిన నాడు మొదటి పడవలో ఆవిణ్ణే ఎక్కిత్తాం. నడిసంద్రంలో దింపేసి వచ్చేత్తాం. తిరిగొచ్చిందంటే ఆ మూట కూడా తిరిగొచ్చినట్టే. అందుకని పంపేముందు ఎడమ సెవి కోసేత్తాం. అది ఒడ్డువైపు సెవి. మా ఏడుపు ఆవిడికి ఇనబడకూడదు. సంద్రం వైపుది ఉంచేత్తాం. వేటకెల్లినోళ్ళు పిలిత్తే పలకాల గదా!"

బజారు గోల ధనశ్రీ చెవులకి దూరమైపోయింది. "మరి ఒడ్డు మీద?"

"ఏటికొప్పాకలో కొత్తమ్మని సేయించి తెత్తాం. ఏటా కొత్తావిడే."

"కోసిన చెవి?"

"కొత్తమ్మ కడుపులో. ఈపున ఓ కంత ఉంటాది, దానికో బిరడా. పాతమ్మ కడుపులో ఉన్న సెవులన్నీ తీసి, ఈ సెవి కూడా కలిపి, కొత్తమ్మ కడుపులో పోసేత్తాం." మరిడమ్మ గొంతు కాస్త తగ్గింది. "మా అత్త, ఆవిడత్త, ఆవిడ ముందరోళ్ళు, అందరూ ఆవిడ సెవిలోనే కదా కష్టం సెప్పుకున్నారు. అమ్మ ఎల్లిపోద్ది గాని, ఇన్నదంతా ఊళ్ళోనే ఉంటాది."

ధనశ్రీ పనిచేసే చోట బొమ్మకి గాలి తగలకూడదు, ఎండ తగలకూడదు, చెయ్యి అసలు తగలకూడదు. వస్తువు పోతే జ్ఞాపకం పోయినట్టేనని ఆమెకు నేర్పిన చదువు. వీళ్ళేమో వస్తువును ఏటా చేతులారా నీళ్ళపాలు చేసి, అది విన్న మాటల్ని మాత్రం కడుపులో దాచుకున్నారు!

"మా దగ్గరైతే అమ్మని అలాగే దాస్తాం పిన్నీ. వందేళ్ళయినా రంగు పోకుండా."

"దాసుకుంటే అమ్మెలాగవుద్ది? బొమ్మవుద్ది." మరిడమ్మ ఫక్కున నవ్వింది. "ఏసీ కూడా ఏత్తారంట కదా? ఓలమ్మ, ఉప్పుగాలి నేకపోతే మా అమ్మకి ఊపిరాడదు."

"ఆ చెవుల్ని ఎవరైనా చూశారా?"

"సూడకూడదు. అమ్మ సీరనే ఆడోళ్ళం సుట్టూ తెరలాగ పట్టుకుంటాం. పూజారి కళ్ళు మూసుకుని తడిమి తీత్తాడు. సేతికి ఉంగరం, మొలకి తాళం, ఏటీ ఉండకూడదు. ఇనుమూ రాగీ అమ్మ కడుపులోకి ఎల్లకూడదు. మా ఇంటాయన ఉన్నన్నాళ్ళూ ఆయనే తీసేవోడు. తుపాను తరవాత మా బావ కొర్లయ్య తీత్తన్నాడు."

ఆ ఇంటాయన పేరు దేముడు. హుద్‌హుద్ తుపాను ముందురోజు పడవని అలలకి దూరంగా ఏటి మొగలోకి ఎక్కించి వస్తానని వెళ్ళి, తిరిగి రాలేదు. విరిగిన చుక్కాని ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అంతే.

"అందుకే సెప్పేను," అంది మరిడమ్మ, మళ్ళీ ఈగలు తోలుతూ. "సాగనంపిన అమ్మైతే ఒక సెవే ఉండాల. రెండున్నాయంటే మాది కాదు."

ధనశ్రీ లేచి నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

సాగనంపిన అమ్మైతే ఒక చెవే ఉండాలి. నిజమే. కానీ అసలు సాగనంపనే లేదనుకుంటే?

ఆమె అక్కడే, ఉప్పుచేపల గోనెల మధ్య నిలబడి, మ్యూజియం ల్యాబ్‌లో ఉన్న పావనికి ఫోన్ చేసింది. పావని విజయవాడ పిల్ల. కొయ్యబొమ్మలకి డాక్టరమ్మ.

"పావనీ, ఆ అమ్మవారి ఎడమ చెవి అతికించిందా?"

"కాదే. రెండూ ఒకే కొయ్యలో చెక్కినవే. ఎందుకు?"

"లోపల బోలుగా ఉందా?"

"ఉంది. స్కాన్ తీశాం కదా. వీపున బిరడా ఉంది, లక్కతో మూసేశారు. లోపలేవో ముక్కలున్నాయి. పురుగు కొరికిన చెత్త అనుకుని వదిలేశాం."

"ఎలా ఉన్నాయి ఆ ముక్కలు?"

పావని ఫైలు తెరిచిన చప్పుడు. తర్వాత నెమ్మదిగా అంది. "వింతగా ఉన్నాయే. అన్నీ ఒకే ఒంపు. జీడిపప్పుల్లాగ."

నెత్తళ్ళ పొట్లం ధనశ్రీ చేతిలో నలిగిపోయింది.

"జీడిపప్పులు కాదు పావనీ. చెవులు. ఆ స్కాన్ ఇంకా స్పష్టంగా కావాలి నాకు. వెంటనే!"

*

మధ్యాహ్నానికి శంఖులపాలెం రేవు మీద ఎండ సలసల కాగుతోంది. ఒడ్డెక్కించిన పడవలకి రంగులు వేస్తున్నవాళ్ళు వేస్తూ, వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు చేసుకుంటూ ఉండగా, ధనశ్రీ నోట స్కాన్ సంగతి విని ఆటోలో వచ్చి దిగిన మరిడమ్మ ఖాళీ తట్ట విసిరేసి తిన్నగా రేవులమ్మ పాక ముందుకెళ్ళింది. ఆమె వెనక ధనశ్రీ.

గుమ్మంలో కొర్లయ్య బీడీ కాల్చుకుంటున్నాడు. ఊరి పెద్ద. మరిడమ్మకి పెనిమిటి అన్న.

"బావా, బిరడా తియ్యాల."

"మతిపోయిందేటే? నిషేదం ఎత్తకుండా, కొత్తమ్మ రాకుండా కడుపు తెరుత్తారేటి?"

"తియ్యాల. మన సెవులు మన దగ్గరే ఉంటే ఆ డిల్లీలో ఉన్నావిడ ఎవరో మనకక్కర్నేదు. నేవంటే మాత్రం ఆవిడే మన అమ్మ."

"ఉన్నాయి. నాను సెప్తన్నాను కదా!"

"నువ్వు సెప్పక్కర్నేదు. అమ్మే సెప్పుద్ది."

రంగు డబ్బాలు వదిలేసి జనం మూగారు. కొర్లయ్య బీడీ నలిపేసి గుమ్మానికి అడ్డంగా లేచి నిలబడ్డాడు. "పరాయి మనిసి ముందర అమ్మ కడుపు సూపిత్తావేటే?"

ధనశ్రీ ముందుకొచ్చింది. "చూడక్కర్లేదు పెద్దాయనా. మీ పద్ధతి ప్రకారమే చెయ్యండి. తెర కట్టండి, తడిమి చెప్పండి. నేను బయటే ఉంటాను."

ఆడవాళ్ళు అప్పటికే అమ్మ చీర విప్పి తెర పట్టేశారు. మరిడమ్మ చేతి గాజులు ఊడదీసి చెల్లెలి వరసదానికిచ్చి తెరలోకి వెళ్ళబోయింది.

"ఆడదాని సెయ్యి పెట్టకూడదే!"

"మీ తమ్ముడి సెయ్యి సంద్రం తీసుకుపోయింది బావా. దానికి బదులు ఇంట్లో ఉన్నది ఈ సెయ్యే."

కొర్లయ్య పక్కకి తప్పుకున్నాడు.

తెర అవతల బిరడా కీచుమంది. కొయ్య మీద కొయ్య తగిలిన చిన్న చప్పుడు. చేటలో చింతపిక్కలు కదిపినట్టుంది. ధనశ్రీ ఇన్ని మ్యూజియాల్లో ఇన్ని పెట్టెలు తెరిచింది కానీ, చూడకుండా ఒక వస్తువు కోసం ఇంతగా చెవులు రిక్కించడం ఇదే మొదలు.

"ఉన్నాయి," అంది లోపల్నించి మరిడమ్మ. జనం నిట్టూర్చారు.

మళ్ళీ చప్పుడు. ఈసారి చాలాసేపు.

"ఉన్నాయి గాని, అన్నీ కొత్తయే. అంచులు గుచ్చుకుంటన్నాయి. పాతయి సేతుల్లో అరిగి నున్నగుంటాయని, సేప పిల్లల్లాగ జారిపోతాయని మా ఇంటాయన సెప్పేవోడు. అలాటిది ఒక్కటీ నేదు." బిరడా బిగించిన చప్పుడు. తెర తొలగించుకుని మరిడమ్మ బయటికొచ్చింది. కొర్లయ్య ముందు నిలబడింది. "బావా, నీకు ఎరికే."

"ఎరికే." కొర్లయ్య గొంతు తగ్గలేదు. "అయితే ఏటంటావు? తుపాను ఎలిసినాక ఈ పాక నేలమట్టం. ఒక్క ఇల్లు నేదు, ఒక్క వల నేదు. అమ్మ మాత్రం ఇసకలో నిలబడున్నాది. ఊరంతా ఆవిడి కాళ్ళ మీద పడి లెగిసింది. సాగనంపే నాడు సెయ్యి పెడితే కడుపు కాళీ. సంద్రం కడిగేసిందనుకున్నాను. ఇల్లు పోయినోళ్ళకి, మొగుడు పోయినదానికి, ఇదిగో ఇది కూడా పోయింది అని సెప్పమంటావేటి? అప్పట్నించీ కోసిన సెవులే దాత్తన్నాను. ఊరికి ఆ నాడు కూటి కన్నా ఆవిడే ఎక్కువ అవసరం."

మరిడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ధనశ్రీకి మాత్రం ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. "పెద్దాయనా, ఒక్క మాట. మీరు చెయ్యి పెట్టబోయినప్పుడు బిరడా ఊడి ఉందా?"

"నేదు. బిగిసే ఉన్నాది. ఉలితో లాగేను."

"చెవులన్నీ సముద్రం కడిగేస్తే, బిరడా మళ్ళీ ఎవరు వేశారు?"

కొర్లయ్య ఆమెకేసి చూశాడు. పాక లోపలికి చూశాడు. చూస్తూ చూస్తూ పక్కనున్న పడవ అంచు మీద కూలబడిపోయాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని అడిగినవాళ్ళు లేరు. అడగడానికి ఆ సంగతి ఇంకెవరికీ తెలీదు.

"కడుపు కడిగింది సముద్రం కాదు," అంది ధనశ్రీ అందరికీ వినిపించేలా. "తుపాను గందరగోళంలో ఎవరో మీ అమ్మని ఎత్తుకుపోయి, ఏటికొప్పాకలోనే చేయించిన అలాంటిదే ఇంకో బొమ్మని ఇసకలో నిలబెట్టేరు. అసలు అమ్మ సాగనంపడానికి ముందే పోయింది. అందుకే ఆవిడకి రెండు చెవులూ ఉన్నాయి. మీ తాతముత్తాతల చెవులన్నీ ఇప్పుడు ఢిల్లీలో ఆవిడ కడుపులో ఉన్నాయి."

"శభాష్ మేడమ్! కథ బాగుంది."

జనం వెనక్కి తిరిగారు. కారు ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. దేవీప్రసాద్ మడత నలగని తెల్లచొక్కాలో, తాళాలు వేలికి తిప్పుకుంటూ ఇసకలో నడిచి వస్తున్నాడు.

"అది మా ఇలవేల్పు అని చెప్పాను. మా తాతగారు రోజూ పూజ చేసేవారని చెప్పాను. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్కసారి చాలు ప్రసాద్ గారూ. మీ ఇలవేల్పు కడుపులో ఏముందో చెప్పండి."

తాళాలు ఆగాయి. "కడుపులోనా?"

"లోపల."

"కొయ్యబొమ్మ లోపల ఏముంటుంది? కొయ్యే ఉంటుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. మరుక్షణం రేవంతా గొల్లుమంది. "తాతగోరు రోజూ పూజ సేసేరంట, కంత కనబడనేదంట!" అని రంగుడబ్బా పట్టుకున్నామె ఎవరో అరిచింది. దేవీప్రసాద్ మొహం మీద నవ్వు చెరగలేదు గాని, కళ్ళలోంచి మాత్రం దిగిపోయింది.

"నవ్వుకోండి. నేనిచ్చిన కానుక నాకిష్టం లేకపోతే గ్యాలరీ తెరిచేలోగా వెనక్కి తీసుకోవచ్చునని ఒప్పందంలోనే ఉంది. మీరు బజార్లో కూపీలు లాగుతున్నారని తెలియగానే, పొద్దున్నే మెయిల్ పెట్టేశాను. రేపు మావాళ్ళు వెళ్ళి పెట్టెలో సర్దుకుని వచ్చేస్తారు. తర్వాత ఆవిడ కడుపులో కొయ్యుందో కోడిగుడ్డుందో మీరూ చూడరు, మ్యూజియం కూడా చూడదు."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. విగ్రహం మ్యూజియం గుమ్మం దాటిందంటే ఇక పొయ్యిలోకే. ఆ చెవులతో పాటు ఈ రేవు మీద ఈ జనం బతికారనడానికి ఉన్న ఒకే ఒక్క గుర్తు బూడిదైపోతుంది.

ఫోన్ మోగింది. పావని.

"ధనా, స్పష్టంగా వచ్చింది, పంపాను చూడు. ముక్కలన్నీ కొయ్యే. ఒక్కటి తప్ప."

"ఒక్కటా? ఏమిటది?"

"లోహం."

ధనశ్రీ ఫోటో తెరిచింది. బూడిదరంగు గుల్లలో, ఒకదాని మీద ఒకటి ఒరిగిన చిన్న చిన్న చెవులు. వాటి పైన, అన్నిటికన్నా ఆఖర్న వేసినట్టుగా, తెల్లగా మెరుస్తూ ఒక ఉంగరం. ఒక పక్కన దానికి సన్నటి తీగ దగ్గర దగ్గరగా చుట్టి ఉంది.

ఫోన్ మరిడమ్మ చేతిలో పెట్టింది.

మరిడమ్మ చూసింది. ఫోన్ కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టింది, మళ్ళీ దగ్గరగా తెచ్చుకుంది.

"వదులైపోయింది, వలలో జారిపోతాదంటే ఆ రాగితీగ నానే సుట్టేను బావా. పడవ తీసుకుని ఎల్లిననాటి పొద్దున్నే సుట్టేను. ఆ ఉంగరం ఏలికి ఉండగానే నా కళ్ళ ముందర పడవెక్కేడు."

కొర్లయ్య లేచి వచ్చి చూశాడు. "ఆడు పూజారి. సెయ్యి పెట్టే ముందర ఉంగరం తీసెయ్యాలని ఆడికి నేర్పింది నానే. ఇది పొరపాట్న పడింది కాదే. కావాలనే ఏసేడు."

అంటే పడవతో సముద్రంలో కలిసిపోయాడనుకున్న దేముడు కలిసిపోలేదు. తిరిగొచ్చాడు. అమ్మవారిని ఎత్తుకుపోతున్నప్పుడు అక్కడున్నాడు. ఎవరికీ చెప్పలేని మాటేదో చెప్పడానికి ఊరి చెవులన్నీ ఉన్న చోట తన ఉంగరం దాచాడు.

మరిడమ్మ ఫోన్ పట్టుకునే నడిచింది. జనం దారిచ్చారు. దేవీప్రసాద్ ఎదురుగా ఆగి, ఫోన్ అతని మొహం ముందు పెట్టింది.

"బాబూ, ఇది మా ఇంటాయన ఉంగరం. నీ ఇంటి ఇలవేల్పు కడుపులోకి ఎలాగొచ్చింది?"

దేవీప్రసాద్ చూశాడు. వేలి మీది తాళాలు జారి ఇసకలో పడ్డాయి. అతను వాటికోసం వంగలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడున్న అందరి మొహాలూ ఒకసారి చుట్టి చూశాడు. మళ్ళీ మరిడమ్మనే చూస్తూ అడిగాడు.

"అతను బతికున్నాడని నీకెవరు చెప్పారు?"

ఆ రేవులో ఆ మాట ఎవరూ అనలేదు.